నీలం గిటారు మీద నల్ల టేపు

పిచ్చుకకు ఆ పేరు పెట్టింది బాబాయి. చిన్నప్పుడు ఆ పిల్ల నోటినుంచి మాట రావడం గగనంగా ఉండేది కాబట్టి వెటకారానికి పెట్టాడు. తల్లీ తండ్రీ లేని పిల్లను చేరదీసి పెంచింది ఆయనా, పిన్నీ. ఇప్పుడు పెద్దదై కార్లకు రంగు వేసే షెడ్డులో పనిచేస్తున్నా పేరు మారలేదు, నోరూ పెరగలేదు. మాట్లాడాల్సిందంతా ఆమె చేతులే మాట్లాడేవి. గీతపడిన కారు తలుపుకు ఆమె రంగు కలిపి కొట్టిందంటే, పాత రంగు ఎక్కడ ఆగిందో కొత్తది ఎక్కడ మొదలైందో బండిగలవాడు కూడా వేలు పెట్టి చూపించలేడు.

అలాంటి పిల్ల ఒకే ఒక్కసారి తొందరపడి ఒక మాట అనేసింది.

షెడ్డు యజమానిని అందరూ మేస్త్రి అంటారు. ఆయన తన కూతురి పుట్టినరోజుకు పాటల కార్యక్రమం పెట్టించాడు. వచ్చిన ఆర్కెస్ట్రా బాబాయి గిటారు వాయించేదే. పిచ్చుక స్టేజీ పక్కన, స్పీకరు దగ్గర షెడ్డువాళ్ళ మధ్య కూర్చుంది. కార్ల సొట్టలు తీసే డెంటింగు పనివాడికి చేతిలో సుత్తీ ఆగదు, నోట్లో మాటా ఆగదు. అందుకని అతని పేరే సుత్తి. పాటకూ పాటకూ మధ్య ఖాళీలో అతను స్టేజీ మీద నిలబెట్టి ఉన్న గిటారు వైపు చూసి పకపకా నవ్వాడు.

"ఆ గిటారు చూడండర్రా! ఒంటినిండా కట్లే. ఆసుపత్రినుంచి తిన్నగా స్టేజీ ఎక్కించినట్టున్నారు."

"సెలైను కూడా తీయలేదు, చూడు ఆ వైరు," అన్నాడు పక్కవాడు.

అందరూ విరగబడి నవ్వారు. గిటారు అలాగే ఉంది మరి. ఎప్పటిదో ఎర్రరంగు వెలిసి ఇటుకపొడిలా అయింది. తీగల కింద గుడ్డ ప్లాస్టరు అంటించి ఉంది. శబ్దం మార్చడానికి తిప్పే బిళ్ళలు రెండింటిలో ఒకదానికి సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది. రెండోచోట బిళ్ళే లేదు, ఉత్త ఇనుపకాడ. పక్కనున్న మీటకు పెన్ను మూత తొడిగి ఉంది. మెడ అంచు పొడుగునా ఏవో గట్టిపడిన జిగురు బొట్లు.

"ఎవరబ్బా దాన్ని వాయించే ఆయన? నీకేమన్నా తెలుసా అమ్మడూ?" సుత్తి ఊరికే అడిగాడు.

"ఏమో, తెలీదు," అంది పిచ్చుక.

ఎవరూ బలవంతపెట్టలేదు. ఎవరూ అనుమానించనూ లేదు. మాట దానంతట అదే జారింది. అన్నాక ఆమె చెవులు వేడెక్కాయి. కాసేపటికి బాబాయి మళ్ళీ స్టేజీ మీదికొచ్చి తలవంచుకుని వాయించసాగాడు. ఆ తల ఎత్తి ఎక్కడ తనవైపు చూస్తాడోనని పాట పాటకూ ఆమె కుర్చీలోకి కుంగిపోయింది. ఇంటికొచ్చాక ఆయన కంచం ముందు కూర్చుని ఎప్పటిలాగే అడిగాడు.

"ఎలా ఉన్నాయే పాటలు?"

"బాగున్నాయి బాబాయ్." కంచంలోకి చూస్తూ అన్నం కలిపింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మేస్త్రి షెడ్డులో చాటింపు వేశాడు. కార్ల డీలర్ల వార్షికోత్సవం ఉందట, షెడ్డు మొత్తానికి పిలుపు వచ్చిందట. పాటలు బాబాయివాళ్ళవే. అదే సంగతి ఇంట్లో బాబాయి ఇంకోలా చెప్పాడు.

"ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాయించాలే పిచ్చుకా. మన కీబోర్డు అబ్బాయి కొత్త పెట్టె కొన్నాడు. మీట నొక్కితే గిటారు మోగుతుంది, ఇంకోటి నొక్కితే వేణువు. ఇక నేనెందుకు? ఆర్కెస్ట్రా మాస్టారు మొహమాటస్తుడు కాబట్టి ఇన్నాళ్ళు లాక్కొచ్చాడు. ఒక్క ప్రోగ్రాంలో తేడా వచ్చినా ఇక వెనకేసుకురాలేనని చెప్పేశాడు."

నవ్వుతూనే చెప్పాడు. కానీ ఆ పూట రెండోసారి అన్నం వడ్డించుకోలేదు.

పిచ్చుక ఆలోచన ఒకటే. సుత్తి మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ తెలీదనకుండా ఉండాలంటే ఆ గిటారు చూడముచ్చటగా ఉండాలి. బావమరిది ఇల్లు మారుతున్నాడని బాబాయి సాయం వెళ్ళాడు, వారందాకా రాడు. పిచ్చుక పిన్నిని అడిగింది.

"ఆ గిటారు మీ బాబాయికి నాకంటే ముందొచ్చిన పెళ్ళాం," అంది పిన్ని గిన్నెలు తోముతూ. "సవతికి సింగారం చేస్తానంటే నేనెందుకే అడ్డం? కానీ నాకు తెలిసి చేశావని మాత్రం చెప్పకు."

షెడ్డులో పని అయిపోయాక రోజూ కాసేపు ఆ గిటారుతో కూర్చునేది. మరలు విప్పి మెడను వేరు చేసింది. తీగలు, బిళ్ళలు, ప్లాస్టరు, పెన్ను మూత అన్నీ తీసి బిస్కెట్ల డబ్బాలో వేసింది. ఊడదీసింది ఏదైనా సరే, తుప్పు పట్టిన మరైనా సరే, బండిగలవాడికి చూపించేదాకా దాచాలి. అది షెడ్డు పద్ధతి. జిగురు బొట్లను మాత్రం పంటిగార తీసినట్టు బ్లేడుతో ఒక్కొక్కటే చెక్కేసింది. పాత రంగు గీకి, సొట్టల్లో లప్పం పెట్టి, నున్నగా రుద్ది ప్రైమరు కొట్టింది. ఆపైన మెరుపుపొడి కలిపిన ముదురు నీలం, ఆపైన నిగనిగలాడే క్లియరు పూత. మెడ వెనక బాబాయి అరచెయ్యి రాసి రాసి రంగంతా పోయి వట్టి కొయ్య తేలి ఉంది. జాలేసి దానికీ దళసరిగా క్లియరు పట్టించింది. ప్లాస్టరు ఉన్నచోట తెల్లటి కొత్త రేకు, తళతళలాడే జత బిళ్ళలు బిగించింది. ఆరాక పాలిష్ పట్టి చూస్తే అందులో షెడ్డు కప్పు, ట్యూబులైటు, ఆమె ముఖం కనిపించాయి.

మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరిదే ఇది? ఇంత పనితనం కార్ల మీద ఎందుకు చూపించవు నువ్వు?"

"కార్యక్రమం రోజు చెప్తాను," అంది పిచ్చుక. జన్మలో ఆమె ఎవరినైనా ఊరించడం అదే మొదలు.

బాబాయి సరిగ్గా కార్యక్రమం రోజు మధ్యాహ్నానికి దిగాడు. గిటారు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ తర్వాత ఒళ్ళోకి తీసుకుని మెడ మీద బొటనవేలు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరిపాడు. ఆ వేలు ఎక్కడా ఆగలేదు.

"అద్దంలా చేశావే," అన్నాడు.

"నచ్చిందా బాబాయ్?"

"నచ్చకపోవడమేంటి. పాత సామాను పారేశావా?"

"లేదు, డబ్బాలో ఉంది."

"మంచిది. వచ్చేటప్పుడు అది వెంట తీసుకురా. ఎందుకైనా మంచిది."

ముసలి వస్తువుల మీద మమకారం అనుకుని పిచ్చుక నవ్వుకుంది. కిటికీ పక్కన వెలుతురులో కూర్చుని, వేళ్ళనే చూసుకుంటూ ఆయన చాలాసేపు వాయించాడు. ఎప్పుడూ వేళ్ళు చూసుకోని మనిషి.

హాల్లో షెడ్డువాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. తెర లేవగానే నీలం గిటారు లైట్లకు ధగధగమంది. సుత్తి ఈల వేశాడు. "అబ్బో, పేషెంటు పెళ్ళికొడుకై వచ్చాడే!"

చెబుదామని పిచ్చుక నోరు తెరిచింది. ఈ పాట కానీ, చప్పట్లు కొట్టనీ, అప్పుడు చెప్తే ఇంకా బాగుంటుంది అనుకుంది.

హుషారు పాట అయిపోయి నెమ్మదిపాట మొదలైంది. లైట్లన్నీ ఆరిపోయి పాడే ఇద్దరి మీద మాత్రం వెలుగు మిగిలింది. వాయించేవాళ్ళు నల్లబట్టల్లో, చీకట్లో కలిసిపోయారు. ఆ ఆర్కెస్ట్రా పద్ధతే అది. జనం చూపు పాడేవాళ్ళ మీదే ఉండాలంటాడు మాస్టారు. పల్లవి అయ్యాక గిటారు ఒక్కటే కింది స్వరంనుంచి పైకి జారుతూ వెళ్ళి నిలబడాలి. అది జారింది, కానీ నిలవాల్సిన చోటు దాటిపోయి కీచుమంది. ఎవరో వెనక్కి లాగినట్టు మళ్ళీ కిందికొచ్చి, ఈసారి చాలకుండా ఆగింది. ఆ వెంటనే శబ్దం గభాలున పెరిగి, మరుక్షణం మొద్దుబారింది.

ఇంట్లో ఆ పాట ఆయన దీపం లేకుండా వాయించడం ఎన్నిసార్లు వినలేదు! పిచ్చుకకు జిగురు బొట్లు గుర్తొచ్చాయి. మెడ అంచున, బొటనవేలు తగిలే వైపు ఉన్న బొట్లు. చీకట్లో వేలికి దారి చూపే గుర్తులవి. ట్యూబు ముక్క చుట్టింది ఒక బిళ్ళకే, తాకగానే ఏది ఏదో తెలియడానికి. మెడ వెనక పోయిన రంగు దానంతటదే పోయింది కాదు, చెమట చెయ్యి అంటుకోకుండా ఆయన ఏళ్ళ తరబడి అరగదీసుకున్నది. మురికి అనుకుని తను గీకి పారేసింది బాబాయి కళ్ళను.

చరణం మధ్య కీబోర్డు అబ్బాయి మీట నొక్కాడు. గిటారు పలకాల్సినదంతా ఆ పెట్టెలోంచి నున్నగా, తప్పు లేకుండా మోగింది. నీలం గిటారు ఊరుకుంది.

"చూడ్డానికి సోకే గానీ చేతిలో సరుకు లేదు పాపం," అన్నాడు సుత్తి.

పాట అవగానే సన్మానాలు, ఉపన్యాసాలు మొదలయ్యాయి. పిచ్చుక డబ్బా పట్టుకుని స్టేజీ వెనక్కి పరుగెత్తింది. అక్కడ మాస్టారు బాబాయిని పక్కకు పిలిచి అడుగుతున్నాడు.

"ఏమిటయ్యా ఇది?"

"తప్పు నాదే మాస్టారూ. ఈ వయసులో సోకులకు పోయి రంగు వేయించాను. గిటారు చేతికి కొత్తయింది."

"నేను ముందే చెప్పాను కదా."

"చెప్పారు. కాదనను."

పిచ్చుక అక్కడే ఆగిపోయింది. కాదు, నేనే చేశానని అనాలి. అనలేదు. మాస్టారు వెళ్ళిపోయాడు. బాబాయి ఆమెను చూసి, చేతిలోని డబ్బా చూసి అక్కడున్న ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు.

"తెచ్చావా? ట్యూబు బిళ్ళ ఇలా ఇవ్వు. తక్కినది రేపు చూసుకుందాం."

ఆమె బిళ్ళ ఇవ్వలేదు. గిటారునే ఆయన చేతుల్లోంచి తీసుకుంది. డబ్బా అడుగున మిగిలిన సాండ్ పేపరు ముక్క తీసి, మెడ వెనక తళతళలాడుతున్న క్లియరు మీద పెట్టి గీకింది. మొదటి గీత పడినప్పుడు ఆమె పళ్ళు జివ్వుమన్నాయి. రెండోదానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. తెల్లటి పొడి ఒళ్ళో రాలింది. అద్దం పోయి మసకబారిన కొయ్య తేలింది. పాత బిళ్ళ బిగించింది. రెండోది పీకేసి కాడను ఉత్తగా వదిలేసింది. మైకువాళ్ళ దగ్గర నల్ల టేపు అడిగి తెచ్చి, చిన్న ముక్కలుగా చించి, ఎత్తుగా ఉండేలా మడతలు పెట్టింది.

"కళ్ళు మూసుకో బాబాయ్. ఎక్కడెక్కడో చెప్పు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు మెడ అంచున నెమ్మదిగా కదిలింది. "ఇక్కడ. కాదు, కొంచెం కిందికి. ఆఁ. ఇప్పుడు పైన ఒకటి."

బయట ఎవరో డీలరు మైకు వదలకుండా మాట్లాడుతున్నాడు. ఉపన్యాసం ఇంకా సాగాలని మనిషి కోరుకున్న సందర్భం ఆ హాల్లో అదొక్కటే అయ్యుంటుంది.

అంతలో మేస్త్రి, సుత్తి, మరో ఇద్దరు లోపలికొచ్చారు. గిటారు దగ్గరనుంచి చూద్దామని మేస్త్రే తీసుకొచ్చాడు. పొడి, గీతలు, టేపు ముక్కలు చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"అయ్యయ్యో, అంత మంచి పనిని నీ చేత్తో నువ్వే నాశనం చేసుకుంటున్నావేంటమ్మా?"

"మళ్ళీ కట్లు కట్టేసిందిరోయ్," అన్నాడు సుత్తి. కానీ ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఈయన నీకేమవుతారు అమ్మడూ?"

పిచ్చుక లేచి నిలబడింది. చేతులనిండా తెల్లపొడి.

"మా బాబాయి. నన్ను పెంచింది ఈయనే. రంగు వేసింది నేను. ఆయన్ని అడక్కుండా వేసి ఇందాక పాట చెడగొట్టిందీ నేనే." ఆ మాట మాస్టారికి కూడా వినపడాలని ఎప్పుడూ లేనంత గట్టిగా అంది. తెర పక్కన నిలబడ్డ మాస్టారు ఇటు తిరిగాడు.

బాబాయి కళ్ళు తెరవలేదు. వేలు ఇంకా మెడ మీదే ఉంది.

"అయితే మనిద్దరికీ పరిచయం అయినట్టేనన్నమాట," అన్నాడు మెల్లగా, ఆమెకు మాత్రమే వినపడేలా. "ఆ రోజు నువ్వు తెలీదన్నప్పుడు నేను మీ పక్క స్పీకరు వెనక వైరు సరిచేసుకుంటున్నానే."

అందులో కోపం లేదు. కొంచెం వేళాకోళం మాత్రం ఉంది. అదే తిట్టు అయ్యుంటే ఆమె తట్టుకునేది. ఆ రోజు విని కూడా కంచం ముందు కూర్చుని పాటలెలా ఉన్నాయే అని అడిగాడు. బాగున్నాయని తను చెబితే నమ్మినట్టు తలాడించాడు. పిచ్చుక పట్టుకోవడానికి ఏదీ లేక టేపుచుట్టనే గట్టిగా పట్టుకుంది.

రెండో భాగంలో కూడా లైట్లు ఆరిపోయాయి. ఆమె ముందు వరసకు వెళ్ళలేదు. తెర పక్కన, ఆయన వీపు కనిపించే చోట నిలబడింది. గిటారు కిందినుంచి జారుతూ పైకి వెళ్ళి, ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ ఊగి, నిలబడింది. రంగు వేయకముందులా వాయించాడని చెప్పలేం. కానీ కీబోర్డు అబ్బాయి చెయ్యి మీట దగ్గరకు వెళ్ళి వెనక్కి వచ్చేసింది. అందరూ సర్దుకునేటప్పుడు మాస్టారు వైరు చుడుతూ అన్నాడు.

"వచ్చే ప్రోగ్రాంకి రావయ్యా. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చూద్దాం."

మర్నాడు పొద్దున పిచ్చుక టేపు ముక్కలు ఒక్కొక్కటే తీసి, వాటి చోట జిగురు బొట్లు పెట్టింది. బాబాయి కళ్ళు మూసుకుని ఎదురుగా కూర్చున్నాడు. పిన్ని అటు వెళ్తూ, "సవతికి బొట్లు పెడుతున్నారా?" అంది. నవ్వింది బాబాయి ఒక్కడే.

"బాబాయ్, ఆ రోజు నేను..."

"కదపకే. ఆరనీ ముందు. ఇప్పుడు కదిపితే పక్కకు జారుతుంది."

ఆమె బొట్లు ఆరేదాకా ఆగి మెడను తిప్పింది. మెడ వెనక సాండ్ పేపరు గీతలు పొద్దుటి వెలుగులో పచ్చిగా కనిపిస్తున్నాయి. కాస్త మెత్తటి పేపరు తీసుకుంటే వాటిని మాయం చేయడం ఆమెకు చిటికెలో పని. అరచేతికి గరుకు తగలనంత మటుకు రుద్ది, కంటికి కనిపించేవాటిని అలాగే వదిలేసింది.