బిల్డ్ అవుతోంది

"ఇంకా ఎంతసేపమ్మాయ్?" అని తలుపు అవతలి నుంచి అత్తయ్య కేకేస్తే, "బిల్డ్ అవుతోంది అత్తయ్యా" అనేదాన్ని. బిల్డ్ అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. అది అవుతున్నంతసేపు నన్ను కదిలించకూడదని మాత్రం తెలుసు. ఒకసారి మధ్యలో లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చేసరికి తెర నిండా ఎర్ర అక్షరాలున్నాయి. నేను లేవడం వల్లే అది చెడిందని ఆవిడ తేల్చేసింది. నేను కాదనలేదు. నాకేం పిచ్చా!

నేను ఇంటి నుంచే ఒక కంపెనీకి మొబైల్ యాప్‌లు తయారుచేస్తాను. రాసిన కోడ్‌ని ఫోన్‌లో నడిచే యాప్‌గా మార్చడానికి నా లాప్‌టాప్‌లోని టూల్ తొమ్మిది నిమిషాలు తీసుకునేది; దాన్నే బిల్డ్ అంటాం. రోజుకి ఐదారుసార్లు. ఆ తొమ్మిది నిమిషాలూ నేనేం చేసేదాన్నంటే, ఏమీ చేసేదాన్ని కాదు. కాళ్ళు మంచం మీద చాపుకుని, ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పటి గాలికి ఉబ్బడం చూసేదాన్ని. పాప పుట్టి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో స్నానాల గదిలో కూడా ఎవరో ఒకరు తలుపు కొట్టకుండా అంతసేపు ఉన్నట్టు గుర్తులేదు. చిన్నప్పుడు మేమున్న అద్దె ఇంటి గచ్చు ఏ రంగో గుర్తు తెచ్చుకోవడానికి ఒకరోజు నాకు మూడు బిల్డులు పట్టింది. ఎర్ర గచ్చు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

నెల కిందట టూల్ కొత్త వర్షన్ వచ్చింది. అదే పని నలభై సెకన్లలో చేసేస్తుందట. ఆఫీసులో అందరూ ఎగిరి గంతేశారు. రోజూ పొద్దున నా తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చి, అప్‌డేట్ చేయమంటారా అని అడిగేది. 'తర్వాత' అని నొక్కేదాన్ని. ఈ ఇంట్లో నన్నొక మాట అడిగి, జవాబు విని, మారుమాట్లాడకుండా వెళ్ళిపోయేది అదొక్కటే.

మొన్న సెలవురోజున పాపకి అన్నం తినిపిస్తుంటే మా ఆయన నా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆయనదీ ఇదే పని, వేరే కంపెనీ. ఆయన గది తలుపు వేసి ఉంటే అత్తయ్య టీవీ గొంతు తగ్గిస్తుంది.

"ఇంకా పాతదాంతోనే ఏడుస్తున్నావేంటి? నాకు చెప్తే చేసిపెట్టేవాణ్ణిగా. ఇదిగో, అయిపోయింది."

ఆ మొహంలో నిజంగానే ప్రేమ ఉంది. తిట్టుంటే తిరిగి తిట్టేదాన్ని. ప్రేమగా చేసినదాన్ని ఏమనను?

"పాతది మళ్ళీ పెట్టలేమా?"

"పిచ్చి పట్టిందా నీకు?" అని నవ్వి, వాళ్ళమ్మకి చెప్పాడు. "ఇక దాని పని చిటికెలో అయిపోతుందమ్మా."

"హమ్మయ్య, ఇక పిలిస్తే పలుకుతుందన్నమాట" అంది అత్తయ్య.

మర్నాడు ఆన్‌లైన్ మీటింగులో మా టీమ్ లీడ్ కూడా సంబరపడ్డాడు. "మీకిప్పుడు టైమ్ మిగులుతుంది కదా, యాప్‌లో మిగిలిన ఆ రెండు స్క్రీన్లు కూడా మీరే చూసేయండి." నేను ఊఁ అనకముందే తర్వాతి విషయానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మొదటి బిల్డ్ పెట్టి కాళ్ళు చాపానో లేదో, అయిపోయింది. తలుపు కొట్టారు. పాప లేచిందట.

సాయంత్రం ఆయనతో అన్నాను. "నాకు రోజుకి తొమ్మిది నిమిషాలు కావాలి. తలుపేసుకుని. ఎవరూ పిలవకుండా."

"దేనికి?"

ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఇన్నాళ్ళూ ఆ తొమ్మిది నిమిషాలు టూల్ తీసుకుంటుంటే దేనికని ఎవరూ అడగలేదు. ఏదైనా చెప్పాలని ఎంతో వెతుక్కున్నాను. ఏమీ చేయకుండా ఉండటానికని చెప్పడానికి నోరు రాలేదు.

"తలనొప్పిగా ఉంది" అన్నాను.

"అయ్యో, ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అంటూ పాపని ఎత్తుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్ళాడు.

ఆ తొమ్మిది నిమిషాలూ, రేపు ఏ జబ్బు చెప్పాలా అని ఆలోచించడానికే సరిపోయాయి.