కొయ్యని సినిమా

వెంకటకృష్ణారావుది ఉయ్యూరు. కుర్రతనంలోనే బొంబాయి చేరి, కిషన్ రావ్ పేరుతో హిందీ సినిమాల్లో నలభై ఏళ్లు నటించాడు. మొదట హీరో వేషాలు, ఆ తర్వాత జడ్జీలు, పోలీసు కమిషనర్లు, హీరోయిన్ తండ్రులు. దర్శకత్వం చేసింది మాత్రం ఒక్క సినిమాకే. ఒక లైట్‌హౌస్ కాపలాదారు కథ తనే రాసుకుని, తనే తీసి, తనే నటించాడు. విడుదలకు ముందు నిర్మాత మల్హోత్రా దాన్ని ఎడాపెడా కోసేశాడు. సినిమా ఆడలేదు. మళ్లీ ఎవరూ ఆయన్ని దర్శకత్వానికి పిలవలేదు.

విజయవాడ భవానీపురం వచ్చి స్థిరపడ్డాక కూడా, ఇంటికి ఎవరొచ్చినా ఆయన చెప్పేది ఆ కథే. నేను తీసింది తీసినట్టు ఉంచితేనా, అని మొదలుపెడితే కాఫీ చల్లారిపోవాల్సిందే. భార్య రత్నమ్మకు అది కంఠతా వచ్చేసింది.

అలాంటిది, ఆయన తీసింది తీసినట్టున్న ప్రింటు ముంబైలో ఒక పాత గోడౌన్‌లో దొరికింది. దాన్ని శుభ్రం చేయించారు. విజయవాడ ఫిల్మ్ క్లబ్ నడిపే రుచిత ఆదివారం పొద్దున ఒక థియేటర్లో షో పెట్టి, ఇద్దర్నీ కారులో తీసుకెళ్లింది.

దారి పొడుగునా రత్నమ్మకు ఒకటే ఆలోచన. సినిమా బాగా లేకపోతే? ఇన్నేళ్లూ ఈ మనిషిని నిలబెట్టింది ఆ ఒక్క నమ్మకమే కదా.

హాలు నిండింది. మొదటి అరగంట బాగానే నడిచింది. తర్వాత పడవ సీను వచ్చింది. పడవ వెళ్తూనే ఉంది. జనం సీట్లలో కదలడం మొదలైంది. రత్నమ్మ ఆయన వైపు చూడలేక తెర మీదే కళ్లు పెట్టుకు కూర్చుంది.

ఆయనే ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"రత్నం, ఇది మరీ సాగుతోంది కదూ?"

అబద్ధం ఆడదామనుకుంది గానీ నోరు రాలేదు. "కాస్త సాగిందండీ."

"కాస్తేంటి! మల్హోత్రా ఇది కొయ్యమని కాళ్లావేళ్లా పడ్డాడు. వాడే రైటు." చీకట్లో ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె చెయ్యి పట్టుకుంది. నవ్వుతున్నాడు.

మల్హోత్రా కోసేసిన చివరి సీను వచ్చేసరికి మాత్రం హాలు నిశ్శబ్దమైపోయింది. లైట్లు వెలిగాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన రెండు చేతులూ జోడించాడు.

బయటికి రాగానే ఆయన రుచిత దగ్గర ఫోన్ తీసుకుని ముంబై కలిపించుకున్నాడు. అవతల మల్హోత్రాకు తొంభై దాటాయి, చెవులు సరిగా వినపడవు. పడవ సంగతి నువ్వే గెలిచావు, చివరి సీను నేను గెలిచాను అని ఈయన హిందీలో అరుస్తుంటే, దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. అట్నుంచి నవ్వు ఫోన్ దాటి వినిపించింది.

రత్నమ్మ థియేటర్ మెట్ల మీద కూర్చుని, రుచిత తెచ్చిచ్చిన నిమ్మసోడా నింపాదిగా తాగింది. ఆయన గొంతు అంత తేలిగ్గా పలకడం విని చాలా ఏళ్లయింది.

"వాణ్ణి మనింటికి రమ్మన్నాను," అన్నాడు ఫోన్ తిరిగిచ్చేస్తూ. "కొడుకు తీసుకొస్తాడట. వాడు చేపలు తినడు మరి."

"పప్పుచారు పెడదాం లెండి," అంది రత్నమ్మ.