ఎడం రెక్క

నేను ఒక రెక్కను. ఎగిరే రెక్కను కాదు, అంత అదృష్టం ఎక్కడిది! తలుపు రెక్కను. రెండు రెక్కల టేకు తలుపులో ఎడమ వైపుది. మా లంకలో ఎడమ అని నిండుగా పలికే ఓపిక ఎవరికీ లేదు, ఎడం అంటారు. ఎడం అంటే దూరం అని ఇంకో అర్థం ఉందని నాకు చాలాకాలం తెలియదు. తెలియాల్సిన రోజు వచ్చాక మాత్రం బాగా తెలిసింది.

మా ఊరు మొగలిలంక. గోదావరి పాయ సముద్రంలో కలిసే ముందు మధ్యలో వదిలేసిన ఇసక ముక్క. మంచి రోజుల్లో నలభై గడప ఉండేది. మావాళ్ళు ఊరిని ఇళ్ళతో లెక్కపెట్టరు, గడపలతోనే లెక్కపెడతారు. ఏటికి అవతలి నేలని గట్టు అంటారు. గాలి అనుకూలంగా ఉంటే పడవ మీద గంటన్నర, లేకపోతే గోదారమ్మ దయ. ఉప్పూ, మందులూ, పెళ్ళికూతుళ్ళూ గట్టు నుంచి లంకకి వచ్చేవి. చేపలూ, కొబ్బరికాయలూ, వయసు కుర్రాళ్ళూ లంక నుంచి గట్టుకి వెళ్ళేవి. సాయంత్రానికి గంపలు ఖాళీగా తిరిగొచ్చేవి. కుర్రాళ్ళ సంగతి చెప్పలేం.

నేను పుట్టింది అక్కడ కాదు. ఎగువన ఏ అడవిలోనో పెరిగిన మానుని వరద పెళ్ళగించి తెచ్చి, మొగలిలంక రేవులో పడేసింది. పెమ్మాడి భద్రయ్య దానికి తాడు కట్టి ఒడ్డుకి లాగాడు. ఎవరైనా నాదని వస్తారేమోనని ఓ ఏడాది ఎదురుచూశాడు. ఎవరూ రాకపోయేసరికి గట్టు నుంచి వడ్రంగి బ్రహ్మలింగాన్ని పిలిపించాడు. ఆయన రంపం సరిగ్గా ఒక ముడి మధ్యలోంచి నడిచింది. ఆ ముడి సగం నాలో ఉంది, సగం కుడి రెక్కలో ఉంది. తలుపు మూస్తే రెండు సగాలూ కలిసి గుండ్రటి కన్నులా కనిపించేది.

మనుషులు తలుపు మూసుకుంటే విడిపోతారు. మేం మాత్రం మూస్తేనే కలిసేది. లంకలో పగలు తలుపులు మూసే అలవాటు లేదు కాబట్టి మేమిద్దరం ఎక్కువగా చెరో గోడకీ ఆనుకుని, ఒకరినొకరు చూసుకుంటూ గడిపేవాళ్ళం. అప్పుడు అదే కష్టమనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో!

లంక సంగతి ఒకటి చెప్పాలి. గోదావరి దాన్ని పడమర నుంచి కొరుక్కు తింటుంది, తూర్పున కాస్త ఇసక వేస్తుంది. పది పన్నెండేళ్ళకోసారి ఇళ్ళన్నీ తూర్పుకి జరగాల్సిందే. మట్టిగోడలూ, తాటాకులూ మోసుకెళ్ళరు కదా, గుమ్మాన్నీ తలుపునీ మాత్రం భుజాల మీద మోసుకెళ్తారు. కొత్తచోట ముందు గుమ్మం నిలబెడతారు. గోడలు లేచేదాకా నెలా రెండు నెలలు ఇసకలో ఒంటరిగా గుమ్మమే నిలబడి ఉంటుంది. అయినా సరే, ఎవరొచ్చినా దాని ముందే ఆగి పిలవాలి, గడప దాటే లోపలికి రావాలి. పక్కనుంచి నడిచి రావడం మహా తప్పు. ఒకసారి ఇళ్ళకి నంబర్లు వెయ్యడానికి వచ్చిన ఉద్యోగి, చుట్టూ ఏమీ లేదు కదా అని పక్కనుంచి నడిచొచ్చాడు. భద్రయ్య ఆయన్ని వెనక్కి పంపి, గడప దాటించి మరీ రప్పించాడు.

పాపం ఆ ఉద్యోగికి గోడ కనిపించక నంబరు తలుపు మీదే వేశాడు. మూడో వార్డు కదా, మూడంకె, దాని పక్కన గీత నామీద పడ్డాయి. ఇరవై ఏడు కుడి రెక్క మీద పడింది. డోర్ నంబరంటే డోరుదే అనుకున్నారు మావాళ్ళు. అందుకని తలుపు ఎటు పోతే నంబరు అటు పోయేది. ఇరవై ఏడు పక్కన నాలుగూ, నాలుగు పక్కన ముప్పై ఒకటీ వచ్చి కూచునేవి. ఉత్తరాలు తెచ్చే మనిషి లంకలో దిగిన ప్రతిసారీ తిట్టుకుంటూ తిరిగేవాడు.

భద్రయ్యకి ఇద్దరు పిల్లలు. పెద్దది మంగాయమ్మ. తొమ్మిదేళ్ళ తర్వాత కొండలరావు. వాడు పుట్టే రోజున తల్లికి నొప్పులు ఎక్కువై, గట్టు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. మంచం పడవలో పట్టదు. భద్రయ్య కుడి రెక్కని బందుల నుంచి ఊడదీసి, ఆవిణ్ణి దానిమీద పడుకోబెట్టి పడవలో పెట్టాడు. ఆసుపత్రి దాకా అవసరం లేకపోయింది. నడి ఏటిలో, కుడి రెక్క మీదే కొండలరావు ఏడుపు వినిపించింది. పడవలో తల్లి పక్కన కూచున్న మంగాయమ్మే వాణ్ణి మొదట ఎత్తుకుంది.

ఆ తల్లి నాలుగేళ్ళే బతికింది. ఆ పైన వాడికి తల్లీ అక్కా మంగాయమ్మే. పెళ్ళి చేసుకుని అదే లంకలో నాలుగిళ్ళ అవతలికి వెళ్ళినా పూటకోసారి వచ్చి అన్నం పెట్టి వెళ్ళేది. మొగుడు జ్వరంతో పోయాక పూర్తిగా వచ్చేసింది. వాడు ఆడుకోవడానికి పోయినా, చేపలకి పోయినా, ఆవిడ వచ్చి నిలబడేది నా దగ్గరే. ఎడం చెయ్యి నామీద వేసి రేవు వైపు చూసేది. చెయ్యి పడ్డచోట నా చెక్క ఇప్పటికీ నున్నగా ఉంటుంది.

భద్రయ్య పోయాక పంపకాలొచ్చాయి. పడమటి రెండెకరాలూ అప్పటికే ఏటిలో కలిసిపోయాయి. అయినా కాగితం ఉంది కదా! పెద్దమనుషులు పడవెక్కి, గడకర్రతో లోతు చూసి, తాడు పట్టి నీళ్ళని కొలిచారు. ఉత్తరపు నీళ్ళు కొండలరావుకి, దక్షిణపు నీళ్ళు మంగాయమ్మకి అని తేల్చారు. ఇసక మళ్ళీ లేస్తే ఎవరిది వాళ్ళకుంటుందని అందరూ చాలా గంభీరంగా తలలూపారు. నవ్వడానికి నాకు నోరు లేదు.

ఆ రోజే కొండలరావు అన్నాడు, "పదక్కా. గట్టు మీద ఐసు ఫ్యాక్టరీలో పని దొరికింది. ఇద్దరం ఎల్లిపోదాం."

"నాన్న నిలబెట్టిన గుమ్మం వొదిలేసి ఎక్కడికి రానురా?" అంది మంగాయమ్మ.

"గుమ్మమేంటక్కా, లంకే ఉండదు. నీళ్ళల్లో పొలానికి కాపలా కాత్తావా నువ్వు?"

తప్పు మాట కాదు. కానీ నీళ్ళు కొలిచిన రోజున అనాల్సిన మాట కూడా కాదు. పెంచిన చేతులకి అది తండ్రిని వెక్కిరించినట్టు తోచింది. మంగాయమ్మ ముఖం జేవురించింది.

"ఎల్తే ఎల్లు. మళ్ళీ జన్మలో నా గడప తొక్కకు!"

నిజానికి మా ఇళ్ళలో గడప ఎవరూ తొక్కరు. పసుపు రాసిన గడప అది, కాలెత్తి దాటుతారు. ఆ లెక్కన ఆవిడ మాటలో అడ్డమే లేదు. కానీ కోపంలో ఉన్న అక్కకీ, రోషంలో ఉన్న తమ్ముడికీ మాటల్ని అంత జాగ్రత్తగా చూసుకునే తీరికెక్కడిది? వాడు కుడి రెక్క బందులు విప్పాడు.

"నేను పుట్టిన చెక్క ఇది. నాదే," అన్నాడు.

ఆవిడ వద్దనలేదు. రెక్క వాడి నెత్తిమీద రేవుదాకా వెళ్ళడం చూశాను. పడవ మీద అడ్డంగా పడుకోబెట్టారు. ఇరవై ఏడు అన్న అంకె ఆకాశం వైపు ఉంది. కనిపించినంత సేపూ చూశాను. మంగాయమ్మ చెయ్యి నామీదే ఉంది.

తర్వాత ఇరవై రెండేళ్ళు గడిచాయి. కుడివైపు ఖాళీలో మంగాయమ్మ తడిక కట్టింది. మేకులు కొట్టలేదు, విప్పుకోవడానికి వీలుగా తాడుతో ముడివేసింది. ఓటర్ల జాబితా రాసేవాళ్ళు నామీద ఉన్న అంకె చూసి ఆవిణ్ణి మూడో నంబరు ఇంట్లో వేశారు. ఆ మూడో నంబరు ఇల్లు ఏట్లో పడి తొమ్మిదేళ్ళు దాటింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆవిడ మునిగిపోయిన ఇంటి మనిషిగా ఓటేసి వచ్చేది. గాలి వీచినప్పుడు నేను వెళ్ళి తడికకి తగిలేదాన్ని. అది మెత్తగా వంగిపోయేది. చెక్కకి చెక్క తగిలే చప్పుడు కోసం నేనెంత మొహం వాచిపోయానో చెప్పలేను. సగం ముడితో బతకడం ఏమంత బాగుండదు.

లంక చిక్కిపోయింది. నలభై గడపలు పదహారయ్యాయి, తర్వాత ఆరయ్యాయి. గట్టు మీద కాలనీలో ఇళ్ళ స్థలాలిచ్చారు. అందరూ వెళ్ళారు. మంగాయమ్మ మాత్రం కదలనంది. ఏరు పెరటి దాకా వచ్చినా కదలనంది. ఒడ్డు విరిగిపడే చప్పుడు వంటింట్లోకి వినిపిస్తున్నా కదలనంది. అందరూ మొండిది అన్నారు. ఎందుకో నాకు తెలుసు. తెల్లారగానే నామీద చెయ్యి వేసి రేవు వైపు చూస్తూ తనలో తను అనుకునేది, "ఆడొత్తే ఎక్కడికొత్తాడు? ఆడికి తెల్సింది ఈ గుమ్మమే కదా."

చివరికి పడవ నడిపే సూరన్న ఒక్కడే ఆవిడ కోసం వచ్చిపోయేవాడు. ఆ ఏడాది వరద తీశాక, బియ్యం మూట దించుతూ అతను ఉండబట్టలేకపోయాడు.

"మంగక్కా, ఒట్టేసి సెప్పొద్దన్నాడు గానీ సెప్పేత్తున్నాను. ప్రతేడూ వరద తీయగానే నీ తమ్ముడు నా పడవెక్కి వత్తాడు. రేవులో దిగడు. పడవలోంచే నీ ఇల్లుందో లేదో సూసుకుని, వెనక్కి తిప్పమంటాడు."

మంగాయమ్మ చేతిలో చేట కింద పెట్టింది. "దిగడెందుకు?"

"గడప తొక్కొద్దన్నావంటగా."

ఆవిడ గడప వైపు చూసింది. ప్రతి శుక్రవారం కడిగి పసుపు రాసిన గడప. ఇరవై రెండేళ్ళుగా తన తమ్ముడికి అడ్డం పడుకుని ఉన్నది అదేనని ఆవిడకి ఇప్పుడు అర్థమైంది. చిన్నగా ఏడ్చింది. తర్వాత లేచి, "రంపం తెస్తావా సూరన్నా?" అంది.

మర్నాడు పొద్దున్నే గుమ్మాన్ని పెకలించి ఇసకలో పడుకోబెట్టారు. ఆవిడ గడపకి ఆఖరిసారి పసుపు రాసి, బొట్టు పెట్టి, కోసెయ్యమంది. సూరన్న చేతులు ఆగిపోయాయి. గడప కొయ్యడం ఎక్కడైనా విన్నామా అన్నాడు. ఆవిడే రంపం అందుకుంది. గుమ్మం మూడు చెక్కలదైంది. నాలుగో చెక్కని తన వాటా నీళ్ళలో, దక్షిణపు పాయలో వదిలింది. అది పసుపు కనిపించేటట్టు కాస్తదూరం తేలి, సముద్రం వైపు వెళ్ళిపోయింది.

నన్నూ, కాళ్ళు తెగిన గుమ్మాన్నీ పడవలో వేశారు. ఏరు దాటుతుంటే తెలిసింది, కుడి రెక్క కూడా ఇలాగే ఆకాశం చూస్తూ ఈ నీళ్ళ మీద వెళ్ళిందని. మంగాయమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. గట్టు దగ్గర పడుతుండగా సూరన్నతో అంది, "ఆడికి ఒక్క మాట సెప్పు. గడప తీసేసిందని సెప్పు. ఇంకేం సెప్పకు."

కాలనీలో చిన్న ఇల్లు లేచింది. గుమ్మం నిలబెడుతుంటే పక్కింటి ఇల్లాలు బుగ్గలు నొక్కుకుంది. "గడప లేని ఇల్లేంటి పిన్నీ! లచ్చిమి నిలవదు."

"లచ్చిమి సంగతి తర్వాత సూసుకుందాం. ముందు మా కొండలు రావాలి," అంది మంగాయమ్మ.

కుడివైపు ఈసారి తడిక కూడా కట్టలేదు. కుక్కలొచ్చాయి, కోళ్ళొచ్చాయి, వాన జల్లొచ్చింది. వాడు రాలేదు. పది రోజులైంది. ఇరవై రోజులైంది. సూరన్న చెప్పడం మరిచాడా? వాడికి రోషం ఇంకా తగ్గలేదా? ఇరవై రెండేళ్ళు ఓర్చుకున్న మనిషి ఆ ఇరవై రోజులకి సగమైపోయింది. అన్నం కూడా గుమ్మం దగ్గరే కూచుని తినేది.

ఇరవై నాలుగో రోజు పొద్దున్న ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. దాని మీద తాళ్ళతో కట్టి, నల్లబడిపోయిన చెక్క ఒకటి. నాకు ముందు సగం ముడి కనిపించింది. తర్వాత ఇరవై ఏడు. కొండలరావు దిగాడు. జుట్టు సగం నెరిసింది. ఐసు దిమ్మలు మోసి ఒక భుజం కిందికి జారింది. గుమ్మం బయట ఆగాడు.

"అక్కా. ఫ్యాక్టరీ వోళ్ళు వేరే ఊరు పంపారు. రాత్రే వొచ్చాను. మాట ఇప్పుడే తెల్సింది."

మంగాయమ్మ లోపల గోడ పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మని చెయ్యి ఊపింది.

వాడు కిందికి చూశాడు. గడప ఉండాల్సిన చోట గచ్చు నేల చదునుగా ఉంది. వాడు చూస్తూనే పాత ఇంట్లో దాటినంత ఎత్తుకి కాలెత్తి, అక్కడ లేని గడపని దాటి లోపలికి వచ్చాడు. అక్క ఆ తలని రెండు చేతులతో పట్టుకుని, "ఎంత సిక్కిపోయావురా," అంది.

కుడి రెక్కని అంతకాలం ఏ గుమ్మానికీ బిగించలేదట. దానిమీదే పడుకునేవాడట. ఆ సాయంత్రమే వడ్రంగి వచ్చి బిగించాడు. మూసి చూశాడు. ఏటి గాలికి నేను ఒకలా వంగాను, ఐసు చెమ్మకి అది ఇంకోలా వంగింది. రెండు సగం ముడులూ ఎదురెదురుగా వచ్చాయి గానీ తాకలేదు. మధ్యలో వేలెడు ఎడం మిగిలిపోయింది. వడ్రంగి పట్టీ కొట్టి మూసేస్తానన్నాడు.

"ఉండనీ. గాలొత్తది," అంది మంగాయమ్మ.

కొండలరావు ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తాడు. వచ్చిన ప్రతిసారీ కాలెత్తే లోపలికి అడుగు వేస్తాడు. వీధిలో పిల్లలు చూసి నవ్వుతారు, గచ్చు మీద ఏముందని అంత కాలెత్తుతాడని. మొన్న కూరగాయల బండి పిలిస్తే మంగాయమ్మ గబగబా బయటికి వెళ్ళింది. నామీద చెయ్యి వేసి, ఆవిడ కూడా కాలెత్తే దాటింది.