ఆయమ్మ ఏరిన ఐదు పుస్తకాలు

ఇరవై రెండు గుడ్లూ ఉడికాయి. సూరమ్మ వాటిని సత్తుగిన్నెలోని చన్నీళ్ళలో వేసి, పీటమీద ఓ కాలు చాపుకుని కూర్చుని, ఒక్కొక్కటీ నేలకు తట్టి పెంకు వలుస్తోంది. ఆమె కుడిచేతి చూపుడువేలు కణుపు దగ్గర పక్కకు తిరిగి ఉంటుంది. చిన్నప్పుడు ఊడ్పుల రోజుల్లో పార తగిలి విరిగింది. కట్టు కట్టించే తీరిక ఎవరికీ లేక అలాగే అతుక్కుపోయింది. గుడ్లు వలవడానికి ఆ వంకర వేలే భలే పనికొస్తుందని అంటుందామె. ఏ మాటకా మాట, ఆ వేలు పడితే పొరతో సహా పెంకంతా ఒక్క లాగులో ఊడి వచ్చేస్తుంది.

మండపేట దగ్గరి ఓ ఊళ్ళో, అంగన్‌వాడీలో ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఆయా. పిల్లలకు ఆయమ్మ. అరవై రెండు నిండాయి కాబట్టి ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రం బస్సుకి జంగారెడ్డిగూడెంలో ఉన్న కూతురు ఆశాజ్యోతి దగ్గరికి వెళ్ళిపోతుంది. అల్లుడు పామాయిల్ తోటలో పనిచేస్తాడు. మనవరాలికి ఏడాదిన్నర. బాధపడాల్సిందేమీ లేదు, ఆమె బాధపడటమూ లేదు. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరుగారు పేరు పెట్టి పిలిచి నిలబెడితే మాత్రం సిగ్గుపడిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉన్నది ఒక్కటే దిగులు. ఆ పుస్తకాలు.

రెండేళ్ళ కిందట పై ఆఫీసు నుంచి నలభై బొమ్మల పుస్తకాలు వచ్చాయి. టీచరు మీనాకుమారి వాటికి అట్టలేసి, నంబర్లు రాసి, బీరువాలో పెట్టి తాళం వేసింది. పాపం, ఆమెను అనడానికీ లేదు. ఒక్క కాగితం చిరిగిందంటే తనిఖీకి వచ్చినవాళ్ళు మెమో ఇస్తారు. పుస్తకం తెరవలేదని ఇంతవరకూ ఎవరికీ మెమో ఇచ్చింది లేదు. అంచేత పిల్లల పుస్తకాలు పిల్లల చేతికి అందకుండా మహా భద్రంగా ఉన్నాయి.

సూరమ్మకు అక్షరం ముక్క రాదు. కందిపప్పు కూడా ఆ బీరువాలోనే కాబట్టి తాళంచెవి ఆమె బొడ్లోనే ఉండేది. అన్నాలయ్యాక టీచరు నెట్‌వర్క్‌ను తిట్టుకుంటూ ఫోన్లో ఫొటోలు ఎక్కిస్తుంటే, ఈమె ఓ పుస్తకం తీసి చాపమీద పిల్లల మధ్య పరిచేది. బొమ్మ చూసి తోచిన కథ చెప్పేది. పిల్లలు లాక్కునేవారు, కొరికేవారు, చారు చేతులతో పులి మూతి తుడిచేవారు. చిరిగినచోట గంజి రాసి అతికేది. కాగితమో? చర్చివాళ్ళు ఇచ్చిన పాత క్యాలెండరు ఇంట్లో ఉందిగా! అలా చెరువులో దిగిన ఏనుగు వెనక కాలిమీద క్యాలెండరులోని ఎర్రటి పద్నాలుగు వచ్చి కూర్చుంది.

ఇదంతా టీచరుకి తెలియదా అంటే, తెలుసు. తెలిసీ చూడనట్టు ఊరుకునేది.

ఇవాళ మాత్రం ఊరుకుంటే కుదర్లేదు. సూపర్‌వైజరు సత్యకుమారి గారు పదకొండింటికి వస్తున్నారు. చిన్నపిల్లలకు సిఫారసు చేయదగిన ఐదు బొమ్మల పుస్తకాల పేర్లు ప్రతి సెంటరూ రాసివ్వాలట. చిరిగినవి ఉంటే లెక్కలోంచి కొట్టేసి వెనక్కి పంపాలట.

"ఇదిగో సూరమ్మా, రాసేశాను," అంటూ మీనాకుమారి కాగితం ఊపింది. "శుభ్రంగా ఉన్నవి చూసి ఐదు ఏరాను."

సూరమ్మ బల్లమీది ఐదింటినీ చూసింది. "అయ్యి పిల్లలు ముట్టుకోరండి టీచరుగారూ. ఆ గులాబీరంగు దాన్లో బొమ్మలే లేవు, అన్నీ అచ్చరాలే."

"ముట్టుకోలేదు కాబట్టే బాగున్నాయి. చిరిగినవి ఎలా రాస్తానమ్మా? ముందు చిరిగిన ఆ పదకొండు పుస్తకాలూ ఎక్కడ పెట్టాలో చెప్పు. ఆవిడ కంటపడ్డాయంటే నా పని అయిపోయినట్టే."

చోటు చూపించింది సూరమ్మే. ఖాళీ బియ్యం డ్రమ్ము. పిల్లలంతా చూస్తుండగా పదకొండింటినీ అందులో పెట్టి మూత బిగించింది. బిగించాక మనసు మనసులో లేదు. ఇవాళ దాక్కున్నవి రేపు బయటికొస్తాయా? టీచరు ధైర్యం ఏపాటిదో ఆమెకు తెలియంది కాదు. చిరిగినవి అటకెక్కుతాయి, మిగిలినవి తాళంలో ఉంటాయి, పిల్లలు ఖాళీ చాపమీద కూర్చుంటారు.

సత్యకుమారి గారు హెల్మెట్ చంకలో పెట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. పప్పు రుచి చూశారు, పిల్లల్ని తూచే కాటా చూశారు, సంతకాలు పెట్టారు. ఆఖర్న కాగితం అందుకుని, "ఇవి పిల్లలకి ఇష్టమేనా?" అన్నారు.

"చాలా ఇష్టమండి," అంది మీనాకుమారి తడుముకోకుండా.

ఆవిడ గులాబీరంగు పుస్తకం విప్పారు. గంజి పెట్టిన చీర మడత విప్పినట్టు చప్పుడైంది. ముందు వరసలో ఉన్న నాలుగేళ్ళ శ్రీదివ్యను దగ్గరికి పిలిచారు. "ఇది చూశావా తల్లీ?"

పిల్ల అడ్డంగా తలూపింది.

"మరి నీకు ఏది ఇష్టం?"

శ్రీదివ్య బియ్యం డ్రమ్ము వంక చూసింది. దాంతోపాటు పిల్లలందరూ డ్రమ్ము వంకే చూశారు. మీనాకుమారి గోడ వంక చూసింది.

సూరమ్మ కూడా గోడ వంక చూసి ఊరుకోవచ్చు. నాలుగు గంటలు ఓపిక పడితే బస్సెక్కేస్తుంది. కానీ ఆమె మోకాలిమీద చెయ్యి ఆనించి లేచింది. మూత తీసి, రెండు చేతులా పట్టినన్ని పుస్తకాలు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. వాటినుంచి తవుడు రాలింది.

"ఇయ్యేనండి మేడం గారూ. చింపింది పిల్లలు, ఇచ్చింది నేను. టీచరుగారు బీరువాలో ఎట్టమనే చెప్పారు, నేనే ఇన్లేదు. ఏదైనా రాస్తే నామీద రాసేసుకోండి. నాకెలాగూ ఇవాల్టితో సరి."

సత్యకుమారి గారు ఏనుగు పుస్తకం తీశారు. "ఈ పద్నాలుగేంటి?"

"ఏనుగు నంబరండి! లారీకి ఉండదేంటి?" అంది శ్రీదివ్య.

ఆవిడ బొమ్మ కింద ఉన్న అచ్చు పైకి చదివారు: "ఏనుగు చెరువులో హాయిగా స్నానం చేసింది."

"కాదండీ!" అని పిల్లలు ఒక్కసారిగా గోలపెట్టారు. "మిల్లు దగ్గర ఊకలో దొర్లి, దురదెట్టి, కాలవలో దూకేసిందండి!"

సత్యకుమారి గారికి నవ్వాగలేదు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత మొహం మామూలుగా పెట్టుకుని, "నవ్వొస్తోంది గానీ సూరమ్మా, రూలు రూలే. చిరిగినవి వెనక్కి వెళ్ళాల్సిందే," అన్నారు.

పొద్దుట్నుంచీ తడవని సూరమ్మ కళ్ళు అప్పుడు తడిశాయి.

"అయ్యి పట్టుకెళ్ళిపోతే ఈళ్ళకేం మిగుల్తాయండి? నేనెలాగూ ఉండను. నన్నంటే నాల్రోజుల్లో మర్చిపోతారు. ఇయ్యి ఉండనివ్వండమ్మా, మీకు పుణ్యముంటుంది."

సత్యకుమారి గారు టీచరు రాసిన ఐదు పేర్లమీదా అడ్డంగా గీత కొట్టి, పెన్ను పట్టుకుని కూర్చున్నారు. "చెప్పు. ఏవి రాయను?"

సూరమ్మ పుస్తకాలన్నీ చాపమీద పరిచింది. ఎంత నలిగితే అంత ముందు. ఏనుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. తర్వాత వానలో గొడుగు పట్టుకున్న కప్ప. అమ్మను వెతుక్కునే దూడ. అన్నం తిననని అలిగిన కోతి. ఐదోదాని దగ్గర ఆగి, రెండు పుస్తకాలు చెరో చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది రాయండి మేడం గారూ. దీనికి అట్టే లేదు, తినేశారు."

అట్ట లేదు గనుక పేరు కోసం ఆవిడ లోపలి పేజీలు వెతకాల్సి వచ్చింది. ఐదు పేర్లూ రాశాక, లెక్కల కాగితంలో ఆ పదకొండింటి ఎదురుగా ఒకటే మాట రాశారు: వాడుకలో ఉన్నవి. హెల్మెట్ పెట్టుకుంటూ గుమ్మంలో ఆగారు.

"పుస్తకాలైతే ఉంచాను. రేపట్నుంచి వీటిని తెరిచేదెవరు మీనాకుమారీ?"

"చూస్తానండి," అంది టీచరు నేలచూపులు చూస్తూ.

అన్నాలయ్యాయి. సూరమ్మ ఎప్పట్లాగే చాపమీద కూర్చుని కప్ప కథ మొదలుపెట్టింది, ఎప్పట్లాగే సగంలో పిల్లలు ఒక్కొక్కరే వాలిపోయారు. ఆగినచోట గుర్తు పెట్టి, పుస్తకాలన్నీ బీరువాలో సర్ది, గిన్నెలు తోమి బోర్లించింది. టీచరు శాలువా కప్పి, డజను చక్రకేళీ అరటిపళ్ళు చేతిలో పెట్టి, ఫొటో తీసింది. తాళంచెవి టీచరు చేతికిచ్చింది సూరమ్మ. నిద్రపోతున్న శ్రీదివ్య బుగ్గమీది చొంగ కొంగుతో తుడిచి, ఎవర్నీ లేపకుండా, "వస్తానండి టీచరుగారూ," అని మెల్లగా రోడ్డుమీదికి నడిచింది. ఆటో వచ్చింది, ఎక్కింది.

మర్నాటికి కొత్త ఆయాను ఇంకా వెయ్యలేదు. మీనాకుమారే వండింది. పప్పు అడుగంటింది. ఎలాగో పెట్టి, ఉస్సురంటూ కుర్చీలో కూలబడి ఫోను తీసింది. చాపమీద చప్పుడే లేదు. తలెత్తి చూస్తే ఒక్కరూ పడుకోలేదు. బీరువాకు ఎదురుగా కూర్చుని బిక్కమొహాలతో తననే చూస్తున్నారు.

రెండు నిమిషాలు చూడనట్టే ఉంది. ఆమెవల్ల కాలేదు. ఫోను బల్లమీద పెట్టి లేచి తాళం తీసింది. పైనున్న కప్ప పుస్తకం పట్టుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి వాళ్ళ మధ్య కింద కూర్చుంది. మొదటి పేజీ విప్పింది.

"అక్కడ కాదండి, అది నిన్న అయిపోయింది," అంది శ్రీదివ్య. "ఆయమ్మ గుర్తెట్టింది చూడండి."

నిజంగానే పేజీల మధ్య గుర్తు ఉంది. టీచరు దాన్ని తీసి పక్కన పెట్టింది. ఆ పేజీలో గాలికి కప్ప గొడుగుతో సహా పైకి లేచిపోతోంది. కింద మూడు వరసల అచ్చు. మీనాకుమారి ఆ అచ్చు చదవబోయి, పిల్లల మొహాలు చూసి, ఆగిపోయింది.

"ఇప్పుడు కప్ప ఎక్కడికెళ్తుందర్రా?"

ఇరవై రెండు గొంతులు ఒక్కసారి లేచాయి. యానాం అన్నారు, రాజమండ్రి వంతెన అన్నారు, మా నాన్న లారీలోకి అన్నారు. చూపిద్దామని ఒకేసారి పది చేతులు పడ్డాయి. పేజీ మూల చర్రున చిరిగింది. టీచరు ఉలిక్కిపడి, చిరుగు వంక ఓసారి చూసి, "ఊఁ, తర్వాత?" అని తిప్పింది.

ఆమె మోకాలి పక్కన, చాపమీద, కొస తుంచిన జానెడు చీపురుపుల్ల ఒకటి పడి ఉంది.