వాన ముందరి గుట్ట

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటినాక. నిదానంగా రాస్తాను, తప్పులుంటే మన్నించండి. ‘నేను’ అని మొదలుపెడితే చెయ్యి ముందుకు పోలేదు. అందుకే మారెక్క అని రాస్తున్నాను.

మారెక్క మొగుడు సోమప్ప తాడిపత్రిలో బండల పాలిష్ పని చేసేవాడు. రొమ్ములో రాతిదుమ్ము చేరినాక సొంతూరికొచ్చి, ఇంటి వెనక గోడ మీద ఎదురుగా కనబడే గుట్ట బొమ్మ వేయడం మొదలుపెట్టినాడు. ఎర్రమన్ను, సున్నం, బొగ్గు, బట్టలకు పెట్టే నీలిమందు, ఇవే రంగులు. గోడను నాలుగు గళ్లు చేసినాడు. పొద్దున గుట్ట కొత్తకుండ మాదిరి, మధ్యాహ్నం బూడిద చల్లినట్టు, పొద్దు గుంకేటప్పుడు చింతనిప్పు.

“ఏమప్పా సోమప్పా, గుట్ట యాడికన్నా పారిపోతాదని కాపలా కాస్తాండావా?” అనేవాడు పక్కింటి ఎర్రిస్వామి.

“పోతాది అన్నా. వెలుగు మారితే ఆ గుట్ట పాయె. మళ్లా వచ్చేది ఇంకోటి.”

నాలుగో గడి వాన ముందరి గుట్టకని ఖాళీగా పెట్టినాడు. గుర్తు మీద వేసేవాడు కాదు, కండ్లతో చూడాల. రెండేండ్లు మబ్బే రాలేదు.

మూడో ఏడు శ్రావణానికి మంచం పట్టినాడు. చల్లగాలి తగిలితే దగ్గు ఆగేది కాదు. ఒక సాయంత్రం మారెక్క పిడకలకని వెనక్కి పోయింది. నల్లమబ్బు సందులోంచి ఎండ దూరి గుట్టను పట్టుకొనుంది. ఆమె రెప్ప వేయలేదు.

“మే, ఇల్లు చీకటైంది. మబ్బు పట్టిందా? గుట్ట ఎట్లుండాది?” లోపల్నుంచి అడిగినాడు.

చెబితే లేస్తాడు. లేస్తే తడుస్తాడు.

“మబ్బూ లేదు గిబ్బూ లేదు. రోజూ ఉన్నట్టే ఉండాది. పండుకో.”

లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది.

కాసేపటికి రేకుల మీద చినుకులు పడినాయి. సోమప్ప ఆమె మొహం చూసినాడు. తిట్టింటే బాగుండు. గోడ పక్కకు తిరిగి పండుకున్నాడు. తొమ్మిదో దినం పోయినాడు.

సూతకం తీరేనాడు ఇల్లంతా సున్నం కొట్టాల. ఎర్రిస్వామి బకెట్టు తెస్తే మారెక్క వెనక గోడకు అడ్డం నిలబడింది.

“మైల ఉండిపోతాదమ్మా.”

“ఉండనీ అన్నా. ఆ మైల నాదే.”

రెండేండ్లకు ఊళ్లో పెద్దోళ్ల బడి పెట్టినారు. రాయడం వచ్చినాక ఆమె బొగ్గు తీసుకొని నాలుగో గడిలో రాసింది: “అడుగున నేరేడుపండు. నడుమ పసుపు. నెత్తిన నీలిమందు. నేను చూసినా. నీకు చెప్పలేదు.”

నడుమ ఉన్నది పసుపు కాదు. దానికి ఆమె దగ్గర మాట లేదు. ఆయన చూసింటే వేసుండు.

మారెక్క, యాభై ఎనిమిదేండ్లు, గుమ్మఘట్ట దగ్గర, ఆ గోడ ఉండే ఇంట్లోనే.