టీ కన్నా ముందు

షుజెన్ ఖాళీ సీసాలు ఐస్ పెట్టెలో సర్ది, తలకు వెదురు టోపీ కట్టుకుంది. మోచేతుల దాకా పూలగుడ్డ తొడుగులు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. కాలుష్య తనిఖీ అధికారి అని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

"రిటైరయ్యే రోజున ఈ వేషమేంటక్కా? కేకు పెట్టుకుని ఆఫీసంతా కాచుకుని కూర్చుంది," అన్నాడు డ్రైవర్ యెన్, నూడుల్స్ గిన్నెలోంచి తలెత్తకుండానే. ఆఫీసు కారు హోటలు వెనక దాగి ఉంది.

"కేకు ఎక్కడికీ పోదులే. నేను ఫోన్ చేసేలోపు ఆ కారు కదిలిందో, నీ పని చెప్తా."

ఆ కారే ఇన్నేళ్లూ ఆమె కొంప ముంచింది. అది మలుపు తిరగగానే, లోహాలకు నికెల్ పూత వేసే, కో అనే ఆయన కార్ఖానా గేటు కాపలాదారు లోపలికి ఫోన్ కొట్టేవాడు. కో నవ్వుతూ ఎదురొచ్చి టీ బల్ల ముందు కూర్చోబెట్టేవాడు. తొలి నీళ్లు పారబోసి, ఆకు నాననిచ్చి, చిట్టి కప్పుల్లో పోస్తూ, మంచం పట్టిన ఆమె భర్త గురించి నిజంగానే దిగులుగా అడిగేవాడు. ఆ ఊళ్లో పోసిన టీ కాదని లేవడమంటే ముఖాన ఉమ్మినంత పని. కప్పు ఖాళీ చేసి పెరటి గొట్టం దగ్గరికి వెళ్లేసరికి తేటనీళ్లు వస్తుండేవి. కింది పొలాల్లో వడ్లు మాత్రం విషమని తేలి, కోతకు ముందే తగలబెట్టేవారు. పోయినసారి మంట పెడుతుంటే పొలం గల ముసలావిడ ఏడవలేదు, తిట్టలేదు. షుజెన్ కేసి చూసి ఊరుకుంది. ఆ చూపు ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది.

ఇవాళ పట్టుకోలేకపోతే, రేపు ఆమె కుర్చీలోకి వచ్చేవాడు మళ్లీ మొదటి కప్పు దగ్గర మొదలుపెట్టాలి. అలా జరగనివ్వదలచుకోలేదు.

మోకాళ్లు సలుపుతున్నా గట్టు దిగింది. కలుపు తీసేదానిలా వంగి వంగి కార్ఖానా వెనక కాలవ చేరింది. గోడ మీంచి ఓ కూలీ చూశాడు.

"పెద్దమ్మా, ఆ నీళ్లలో దిగొద్దే! కాళ్లు పుళ్లు పడిపోతాయి!"

మంచివాడే పాపం. "నాకలవాటే నాయనా," అంది షుజెన్.

గొట్టంలోంచి ఆకుపచ్చని నీళ్లు పొగలు కక్కుతూ దూకుతున్నాయి. మెడలో కెమెరా ఆన్ చేసి సీసాలు నింపింది. మూతలు బిగించి, సీలు కాగితం అంటించి, దాని మీద సంతకం చేసింది. ఎన్నేళ్లకో సంతోషం కలిగింది. అప్పుడు ఆఫీసుకీ, యెన్‌కీ ఫోన్ చేసింది.

బురద బూట్లతో ముందు గదిలోకి అడుగు పెట్టేసరికి కో నోరు తెరిచేశాడు.

"అక్కా! మీరా? కారేది? గేటు నుంచి ఫోనే రాలేదే!" అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఆమె రెండో సీసా బల్ల మీద పెట్టింది. "ఒకటి ల్యాబుకి, ఇది నీకు. ఎక్కడైనా పరీక్ష చేయించుకో. గొట్టం మూసేయడానికి మావాళ్లు బయల్దేరారు."

కో సీసా కేసి చూసి, నమూనా అందినట్టు ఆమె చాపిన కాగితం మీద సంతకం పెట్టాడు. తర్వాత అలవాటు కొద్దీ అతని చెయ్యి కెటిల్ మీదికి పోయింది.

"ఇన్నేళ్లు నా చేతి టీ తాగి, ఇదా మీరు చేసేది?"

"టీ మంచిదే తమ్ముడూ. అందుకే ఇన్నేళ్లు పట్టింది."

"పనైపోయిందిగా. ఈ ఒక్క కప్పూ తాగి వెళ్లండి."

వాసన ముక్కుకి తగిలింది. ఆమెకి ఆ టీ అంటే ప్రాణం. ఒక్క క్షణం కుర్చీ కేసి చూసింది.

"కేకు కోయాలట," అంది, టోపీ విప్పి చంకలో పెట్టుకుంటూ. బయట యెన్ హారన్ కొట్టాడు. ఆమె వెళ్లిపోయింది. రేపటి నుంచి ఆ గేటు ముందు ఆ కారులోంచి ఆమె దిగదు.

బల్ల మీద ఆకుపచ్చ సీసా పక్కన, అంచుదాకా పోసిన చిట్టి కప్పు అలాగే చల్లారిపోయింది.