ఊపిరి ముందు మైకు

మధ్యాహ్నం ఒంటిగంటకు కాటమ్మ బూడిద గంపను బియ్యం మిల్లు వెనక దించేసి, తలమీది చుట్టబట్ట కూడా తీయకుండా ఇంటికి పరుగెత్తింది. సగం రోజు కూలి, రెండు వందల యాభై రూపాయలు, పోయినట్టే. సినిమావాళ్ళు వచ్చి కూర్చున్నారని వీరేందర్ నాలుగుసార్లు ఫోన్ చేశాడు మరి.

వీరేందర్‌ది కోదాడ. ఈ చుట్టుపక్కల షూటింగులకు జనాన్ని తోలుకొచ్చేది అతనే. తోలుకురావడం అన్న మాట అతని నోటిదే, నేను కల్పించింది కాదు.

ఒంటిగది ఇల్లు. మంచంమీద కాటమ్మ భర్త దశరథ గోడకు దిండు ఆనించుకొని కూర్చున్నాడు. ముక్కులో సన్నటి గొట్టం. పక్కన ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటోంది. అది కిరాయి మిషన్, నెలకు నాలుగు వేలు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో హైదరాబాదు సౌండ్ ఇంజనీరు ఉదయ్, మెడలో హెడ్‌ఫోన్లు వేలాడేసుకొని కూర్చున్నాడు.

"నమస్తే అమ్మా. మీ ఆయన వాయిస్‌కి మా ఆఫీసంతా ఫ్యాన్స్," అన్నాడు నవ్వుతూ.

వాయిసట! దశరథ ఒక్క ఊపిరిలో నాలుగు మాటలు మాట్లాడి ఏడాదైంది.

సంగతేమిటంటే, మూడేళ్ళ కిందట ఇదే మిర్యాలగూడలో, ఆ మిల్లు వెనకాలే, ఒక పెద్ద సైన్సు సినిమా తీశారు. సూర్యుడు చల్లారి, చచ్చిపోయిన గ్రహం ఒకటి కావాలట వాళ్ళకు. సెట్టు వేస్తే కోట్లు. ఇక్కడేమో మిల్లులవాళ్ళు బాయిలర్లలో ఊక కాల్చి పారబోసిన బూడిద ఎకరాలకెకరాలు ఊరికే పడి ఉంది. పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి ఆ బూడిదను లేపి, నలభై మంది హమాలీలను ఆ గ్రహంలో మిగిలిన మనుషులుగా నడిపించారు. రోజుకు ఆరు వందలు, ఒక బిర్యానీ పొట్లం. పద్నాలుగేళ్ళుగా బాయిలర్ కింద బూడిద తోడే దశరథ, అలవాటుకొద్దీ ముక్కుకు రుమాలు కట్టుకొని వచ్చాడు. "ఆ గ్రహంలో రుమాళ్ళుండవు, తీసెయ్" అన్నారు. నలభై మందీ తీసేశారు. ఆరు రోజులు అట్లాగే నడిచారు.

మూడో రోజు దశరథకు దగ్గుతెర వచ్చింది. టేకు చెడగొట్టావని తిట్టారు. తిట్లు అయ్యాయో లేదో ఈ ఉదయే మైకు పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. "ఆపకన్నా, అట్లనే దగ్గు" అన్నాడు. ఆ దగ్గూ, దాని వెనక ఈల వేసినట్టు లాగే ఊపిరీ కలిసి సినిమాలో ఆ గ్రహపు రాక్షసుడి ఊపిరి అయ్యాయి. సినిమా కోట్లు కొల్లగొట్టింది. తెర వెనక ముచ్చట్లు చెప్పే వీడియోల్లో ఇదే మొదటి ముచ్చట: అది కంప్యూటర్లో పుట్టిన శబ్దం కాదండీ, మిర్యాలగూడ హమాలీ ఒకడిది! లక్షలమంది చూశారు. ఆ హమాలీ పేరు మాత్రం ఒక్క వీడియోలోనూ లేదు.

ఇక్కడే దశరథ ఒక తప్పు చేశాడు. తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే. తోటి హమాలీలతో సూర్యాపేట పోయి ఆ సినిమా చూశాడు. రాక్షసుడు బుసకొట్టగానే హాలంతా ఈలలు వేస్తుంటే మురిసిపోయాడు. "గది నా ఊపిరేనే" అని ఇంటికొచ్చి కాటమ్మకు చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఏడాది పొడుగునా టీ కొట్టు దగ్గర "అన్నా, జర రాక్షసుణ్ణి పిలువే" అని ఎవరడిగినా దగ్గి చూపించాడు. టీ ఇప్పిస్తే రెండోసారి కూడా. దవాఖానకు పోదాం పా అని కాటమ్మ మొత్తుకుంటే, "పేరొచ్చిన దగ్గే ఇది, మందేస్తే పోతది" అని నవ్వాడు. తీరా పోయేసరికి ఊపిరితిత్తుల్లో బూడిద పేరుకొని గట్టిపడిపోయింది. ఇక మిషన్ తీయొద్దని డాక్టరు చెప్పాడు. మిల్లు సేటు మాత్రం అదంతా బీడీల వల్లనే అన్నాడు. దశరథ జన్మలో బీడీ ముట్టినవాడు కాదు.

"రెండో భాగం తీస్తున్నాం," అన్నాడు ఉదయ్. "నిజం చెప్పాలంటే అప్పటికన్నా ఇప్పుడే సౌండ్ బాగుంది. పది నిమిషాలు చాలమ్మా. ఇరవై వేలు ఇప్పుడే ఇచ్చేస్తాం. కాకపోతే ఆ మిషన్ చప్పుడు వస్తోంది. అది ఆపాలి."

"ఏందీ, మిషన్ బంద్ చెయ్యాలెనా?" కాటమ్మ గొంతు లేచింది. "అది బందయితే మనిషి ఆగమయితడు సారూ! డాక్టరు తియ్యొద్దన్నడు."

"పది నిమిషాలకే ఏం కాదులే అక్కా," అన్నాడు వీరేందర్. "ఐదు నెలల కిరాయి ఒక్కసారే చేతికొస్తుంది, ఆలోచించుకో. నువ్వు వద్దంటే బీరప్ప ఉన్నాడు, కిష్ట్యా ఉన్నాడు. మీ మిల్లుల్లో దగ్గేవాళ్ళకేమైనా కరువా?"

కరువు లేదు. అది నిజమే. కాటమ్మ భర్త వైపు తిరిగింది.

"ఏమంటవయ్యా?"

కానియ్యమన్నట్టు దశరథ చెయ్యి ఊపాడు. కాటమ్మ అతని ముక్కులోని గొట్టం తీసి, స్విచ్చి నొక్కింది. ఇరవై వేలకు ఒప్పుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మిషన్ ఆగిపోయింది. ఫ్యాను కూడా ఆపించారు. వీరేందర్ బయటికి పోయి, బోరింగు దగ్గర బిందెల చప్పుడు చేయొద్దని ఆడవాళ్ళను కసిరి వచ్చాడు. ఉదయ్ మైకును దశరథ నోటికి జానెడు దూరంలో పట్టుకున్నాడు. దశరథ ఊపిరి లాగిన ప్రతిసారీ రికార్డరు మీద పచ్చగీతలు ఎగిసిపడ్డాయి. ఉదయ్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"సారూ," అన్నాడు దశరథ, ఆగి ఆగి. "ఈ సీన్ల... ఏమయితది?"

"రాక్షసుడు చచ్చిపోతాడు సార్. క్లైమాక్స్."

"చస్తుంటే... జనం?"

"చప్పట్లు, ఈలలు! థియేటర్ దద్దరిల్లిపోవాలి. అంతా ఆ చివరి ఊపిరి మీదే ఉంది. ఇంకొంచెం బాధగా లాగండి సార్, ప్లీజ్."

దశరథ అతని ముఖంలోకి చూస్తూ నోరు మూశాడు. పెదవులు బిగించి, రెండు వేళ్ళతో ముక్కు కూడా మూసుకున్నాడు. పచ్చగీతలు పడిపోయాయి.

"ఏమైంది సార్? రికార్డవుతోంది, ఆపకండి."

దశరథ మైకును చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

కాటమ్మకు అర్థమైంది. "ఇయ్యడంట సారూ! తియ్యి ఆ మైకు, ముందల తియ్యి!" అంటూ స్విచ్చి వైపు ఉరికింది. వీరేందర్ అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఆగక్కా. ఎంతసేపని బిగబడతాడు? తనే వదులుతాడు. ఆ వదిలేదే అసలైన ఊపిరి."

ఉదయ్ హెడ్‌ఫోన్లు సరిచేసుకొని, మైకును ఇంకో బెత్తెడు ముందుకు జరిపాడు. కాటమ్మ వీరేందర్ చొక్కా పట్టుకొని గుంజుతోంది. దశరథ మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి, కాళ్ళు మంచంమీద కొట్టుకుంటున్నాయి. నోరు మాత్రం తెరవలేదు.